కిస్తీ కట్టారు సరే, మిగిలిందెంత?

సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో 2024 మార్చి 12న జరిగిన మహిళా సదస్సులో తెలంగాణ ప్రభుత్వం రెండు పెద్ద మాటలు ఇచ్చింది. కోటి మంది మహిళలను కోటీశ్వరులను చేస్తామన్నది ఒకటి. ఐదేళ్లలో స్వయం సహాయక సంఘాలకు లక్ష కోట్ల రూపాయల బ్యాంకు రుణాలు ఇప్పిస్తామన్నది రెండోది. మరుసటి ఏడాది మహిళా దినోత్సవం నాడు అదే మైదానంలో సంఘాలు కొన్న బస్సులకు ముఖ్యమంత్రి జెండా ఊపారు. సౌర విద్యుత్తు, పెట్రోలు బంకులు కూడా సంఘాలు చేపట్టే పనుల్లో చేరాయి. ఈ సంకల్పాన్ని శంకించనక్కర్లేదు. పల్లెలో పేదరికం తగ్గాలంటే ఆడవాళ్ల చేతికి డబ్బు రావాలన్న నమ్మకం తెలుగునాట ముప్పై ఏళ్లుగా పార్టీలకు అతీతంగా నిలిచిన కొద్ది విషయాల్లో ఒకటి. అయితే ఆ రెండు మాటల్లో రుణాల లెక్క నెలనెలా సమీక్షకు వస్తుంది. ఏ జిల్లా లక్ష్యం చేరింది, ఏ మండలం వెనకబడింది, కిస్తీలు ఎంత శాతం వసూలయ్యాయి అన్నది రూపాయితో సహా తెలుస్తుంది. అప్పు తీసుకున్న ఇంట్లో ఏడాది చివర ఖర్చులు పోను ఎంత మిగిలిందన్నది అంత శ్రద్ధగా ఎవరూ అడగరు. పేదరిక నిర్మూలన కార్యక్రమాన్ని ఇచ్చిన అప్పుతో కొలిచినంత కాలం అది అప్పులిచ్చే కార్యక్రమంగానే మిగిలిపోతుంది. సరుకు అమ్ముడయ్యే చోట, కూలి రేటు ఖరారయ్యే చోట, సాగు ఖర్చు తగ్గే చోట ప్రభుత్వం అండగా నిలబడినప్పుడే పేద ఇంట నాలుగు డబ్బులు మిగిలాయి. ఇందుకు సాక్ష్యం వెతుక్కుంటూ దూరం పోనవసరం లేదు. మన రెండు రాష్ట్రాల్లోనే కావలసినంత ఉంది.

పొదుపు సంఘాల మొదలు ఎక్కడో గుర్తు చేసుకోవాలి. గ్రామీణ మహిళల కోసం కేంద్రం డ్వాక్రా పథకాన్ని 1982లోనే తెచ్చినా, మన దగ్గర అది ఊపందుకున్నది సారా వ్యతిరేక ఉద్యమం తర్వాతే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటి మహిళలు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు నాటికి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో నిలిచింది. ఆ నిలిచిన డబ్బులోంచి రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు ఆ జిల్లాలో ఊరూరా పుట్టాయి. అంటే పొదుపు ఉద్యమం మొదలైంది మిగులుతో. అప్పు ఆ తర్వాత వచ్చింది. 2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో శ్రీకాకుళం, విజయనగరం, చిత్తూరు, అనంతపురం, మహబూబ్‌నగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో వెలుగు పథకం మొదలైంది. దాన్ని నడపడానికి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అందరూ సెర్ప్ అనే సంస్థ, ఏర్పడింది. పథకం పేరు తర్వాత ఇందిరా క్రాంతి పథం (ఐకేపీ)గా మారింది. పావలా వడ్డీ వచ్చింది, ఆపై వడ్డీలేని రుణాలు వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో సంఘాల సభ్యుల సంఖ్య కోటి దాటింది. ఊళ్లో సంఘం, సంఘాలన్నీ కలిసి గ్రామైక్య సంఘం, వాటి మీద మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అనే ఈ అంచెలంచెల నిర్మాణాన్ని చూసే 2011లో కేంద్రం జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌ను రూపుదిద్దింది.

దీన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. బ్యాంకు గడప తొక్కడానికే జంకిన మహిళలు మేనేజరు ఎదురుగా కూర్చుని లింకేజీ, అంటే సంఘానికిచ్చే బ్యాంకు రుణం, గురించి గట్టిగా అడిగే స్థితికి వచ్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సంఘాలను పరిశీలించిన ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు క్లాస్ డైనింగర్, ఆయన సహచరులు, సంఘాల్లో ఎక్కువ కాలం ఉన్న కుటుంబాల తిండి, వినియోగం మెరుగుపడినట్టు గుర్తించారు. ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని చాలామంది మరిచిపోయారు. గ్రామైక్య సంఘాలు బియ్యాన్ని టోకున కొని, పని దొరకని నెలల్లో సభ్యులకు అప్పు మీద ఇచ్చేవి. అందులో చేతికి నగదు రాదు. కిరాణా కొట్టులో ఖాతా మీద ఎక్కువ ధరకు కొనే అవసరం తప్పుతుంది, ఆ తేడా ఇంట్లో మిగులుతుంది. సంఘాల చరిత్రలో పేదలకు నేరుగా అక్కరకొచ్చిన పనుల్లో ఇదొకటి. రుణ లక్ష్యాల హోరులో దానికి రావలసిన గుర్తింపు రాలేదు.

ఇంత పెద్ద సంఘ నిర్మాణం ఉన్న నేలలో ఇప్పుడు పరిస్థితి ఏమిటి? జాతీయ నమూనా సర్వే 2019లో వ్యవసాయ కుటుంబాల స్థితిగతులను పరిశీలించింది. దేశంలో అప్పున్న వ్యవసాయ కుటుంబాలు నూటికి 50.2. ఆంధ్రప్రదేశ్‌లో 93.2, తెలంగాణలో 91.7. కుటుంబానికి సగటు అప్పు దేశం మొత్తం మీద 74,121 రూపాయలు ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 2,45,554, తెలంగాణలో 1,52,113. ఇక ఆదాయం చూడండి. దేశంలో వ్యవసాయ కుటుంబానికి నెలకు సగటున 10,218 రూపాయలు వస్తుంటే, ఆంధ్రప్రదేశ్‌లో 10,480, తెలంగాణలో 9,403. అప్పు దేశ సగటుకు రెండు మూడు రెట్లు, ఆదాయం సగటు దగ్గరే లేదా అంతకంటే తక్కువ. ఈ అప్పంతా సంఘాల వల్లే వచ్చిందని చెబితే అది అబద్ధం అవుతుంది. పంట రుణాలు, ఎండిన బోర్లు, కౌలు, ప్రైవేటు ఆసుపత్రి బిల్లులు, పిల్లల ఫీజులు అందులో పెద్ద వాటా. కానీ ఒక్క విషయం మాత్రం కాదనలేం. అప్పు దొరకడమే పేదరికానికి మందు అయితే, దేశంలో అందరికంటే ముందు కోలుకోవలసింది మన పల్లెలే.

దీనికి అధికారులు చెప్పే జవాబు వసూళ్లు. సంఘాల రుణాలు నూటికి తొంభై ఎనిమిది వంతులు తిరిగి వస్తున్నాయి, ఆదాయం లేకుండా ఎలా కడతారు అని అడుగుతారు. ప్రశ్న సమంజసమే. కానీ కిస్తీ వచ్చిందన్న లెక్క అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. కూలి డబ్బుతో కట్టినా, పెన్షన్‌తో కట్టినా, పక్కింటి వాళ్ల దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టినా బ్యాంకు పుస్తకంలో ఒకే రకంగా కనబడుతుంది. ఒక సభ్యురాలు కట్టకపోతే సంఘం మొత్తానికి తర్వాతి లింకేజీ ఆగిపోతుంది కాబట్టి తోటివాళ్ల ఒత్తిడి ఉంటుంది. మాట పోకూడదన్న పట్టుదల ఉంటుంది. పాత అప్పు తీరిన నాడే కొత్త అప్పు, అంతకంటే పెద్దది, రాసుకోవడం ఆనవాయితీ అయింది. పేద మహిళల నిజాయితీకి ఆ తొంభై ఎనిమిది గొప్ప సాక్ష్యం. వాళ్ల ఆదాయానికి సాక్ష్యం వేరేచోట వెతకాలి.

ఈ తేడాను పట్టించుకోకపోతే ఏమవుతుందో 2010లో చూశాం. సూక్ష్మ రుణాలిచ్చే ఎస్‌కేఎస్ మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో చిన్న స్వచ్ఛంద సంస్థగా పని మొదలుపెట్టింది. పన్నెండేళ్లకు, 2010 ఆగస్టులో, దాని షేర్లు మార్కెట్లోకి వచ్చి సుమారు 1,600 కోట్ల రూపాయలు సమీకరించాయి. అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మ రుణ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. మధ్యలో రెండు నెలలే తేడా. వేధింపులు, ఆత్మహత్యల వార్తలు ఊరూరి నుంచీ వచ్చాయి. 2006లో కృష్ణా జిల్లాలో కలెక్టరు ఇలాంటి సంస్థల శాఖలను మూయించినప్పుడే హెచ్చరిక అందినా ఎవరూ చెవిన పెట్టలేదు. అప్పట్లో మనం తీసుకున్న పాఠం అధిక వడ్డీ తప్పు, బలవంతపు వసూలు తప్పు అని. అవి తప్పులే, సందేహం లేదు. కానీ 2010కి ముందటి ఏడాది ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్ర పల్లెల్లో జరిగిన ఒక సర్వేలో సూక్ష్మ రుణ సంస్థల అప్పున్న ఇళ్లు నూటికి 11 మాత్రమే; వడ్డీ వ్యాపారులు, చుట్టాలు, తెలిసినవాళ్ల దగ్గర అప్పున్న ఇళ్లు 82. సంఘాల రుణం వచ్చాక కూడా వడ్డీ వ్యాపారి ఊరు విడిచి పోలేదు. అప్పు మీద అప్పు పేరుకున్న ఇంటికి వచ్చే రాబడి పెరగలేదన్న అసలు పాఠం మాత్రం అలాగే ఉండిపోయింది. వరి ఆర్నెల్లకు చేతికొస్తుంది, గొర్రె ఏడాదికి అక్కరకొస్తుంది, వసూలు మాత్రం వారం వారం. ఈ రెంటికీ పొంతన కుదరకపోతే మధ్యలో నలిగేది ఇల్లాలే.

అప్పుతో పేద ఇల్లు బాగుపడుతుందా అన్న ప్రశ్నను ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డ్యూఫ్లో బృందం హైదరాబాద్‌లోనే పరిశీలించింది. నగరంలో 104 పేద బస్తీలను తీసుకుని, సగం బస్తీల్లో స్పందన అనే సూక్ష్మ రుణ సంస్థ ముందుగా శాఖలు తెరిచేలా ఏర్పాటు చేసి, తేడా గమనించింది. 2015లో అచ్చయిన ఫలితాల ప్రకారం అప్పు దొరికిన బస్తీల్లో ఇంటి వినియోగం చెప్పుకోదగినంత పెరగలేదు. పిల్లల చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ల మాటకు విలువ కూడా మారలేదు. ముందే వ్యాపారం ఉన్నవాళ్లు మాత్రం కొంత పెట్టుబడి పెంచుకున్నారు. ఇవి నగర బస్తీలే, పల్లెలు కావన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ ఆ ఫలితాలు అచ్చయిన పత్రిక సంచికలోనే బోస్నియా, ఇథియోపియా, మెక్సికో, మంగోలియా, మొరాకోల నుంచి వచ్చిన అధ్యయనాలూ ఉన్నాయి. వాటిలో పల్లెలూ ఉన్నాయి. ఎక్కడా అప్పు ఒక్కటే పేద కుటుంబాన్ని గట్టెక్కించిన దాఖలా కనబడలేదు. బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకుకు, మహమ్మద్ యూనస్‌కు 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు ప్రపంచమంతా పెట్టుకున్న ఆశతో పోలిస్తే ఇది చాలా చిన్న ఫలితం.

అలాగని అప్పులు ఆపేయాలా? ఇది బలమైన ప్రశ్న, తేలిగ్గా దాటేయకూడదు. 2010 ఆర్డినెన్సు తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వసూళ్లు కుప్పకూలడంతో, ఇక్కడ నష్టపోయిన సంస్థలు ఇతర రాష్ట్రాల్లో కూడా అప్పులు తగ్గించుకోవలసి వచ్చింది. ఆర్థికవేత్తలు ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ ఆ రాష్ట్రాల జిల్లాలను పరిశీలించి, అప్పు ఒక్కసారిగా ఎండిపోయిన చోట పల్లె కూలి రేట్లు, వినియోగం పడిపోయాయని చూపించారు. అంటే అప్పు అవసరమే. పంటకు, పశువుకు, ఆపదకు అది లేకపోతే ఊరి బతుకే మందగిస్తుంది. నా అభ్యంతరం అప్పు మీద కాదు, దాన్నే గమ్యంగా భావించడం మీద. ఇప్పుడు ఈ జాగ్రత్త మరింత అవసరం. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన సంస్థలకు 2010 నాటి రాష్ట్ర చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఆ సంస్థలకు తెలుగు పల్లెల తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. ఇంటి ఆదాయంలో సగానికి మించి కిస్తీలకు పోకూడదని రిజర్వు బ్యాంకు 2022లో నిబంధన పెట్టింది. మంచి నిబంధనే, కానీ ఆ ఆదాయం ఎంతో రాసుకునేది అప్పిచ్చేవాళ్లే.

అప్పు కాకపోతే ఆస్తి ఇద్దాం అన్నది తర్వాత వచ్చిన ఆలోచన. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో కటిక పేదలకు పశువులను ఉచితంగా ఇచ్చి, కొన్నాళ్లు తిండి ఖర్చు భరించి, శిక్షణ, పొదుపు, వైద్యం జోడించి రెండేళ్లు వెంట ఉండే పద్ధతి తెచ్చింది. ఆరు దేశాల్లో పదివేలకు పైగా కుటుంబాలపై జరిపిన పరిశీలనలో ఇది బాగా పనిచేసిందని 2015లో తేలింది. వాటిలో మన దేశం నుంచి ఉన్నది పశ్చిమ బెంగాల్. అక్కడ పదేళ్ల తర్వాత కూడా ఆ కుటుంబాలు నిలదొక్కుకునే ఉన్నాయి. దాదాపు అదే పద్ధతిని మెదక్ జిల్లాలో ఎస్‌కేఎస్ స్వచ్ఛంద విభాగం చేపట్టింది. ఎక్కువ మంది గేదెలను ఎంచుకున్నారు. ఆర్థికవేత్తలు జొనాథన్ మార్డక్, షమికా రవి బృందం ఫలితాలు లెక్కగడితే, కార్యక్రమంలో ఉన్న కుటుంబాలకూ లేని కుటుంబాలకూ చివరికి తేడా ఏమీ కనబడలేదు. గేదె మీద ఆదాయం పెరిగింది నిజమే. అయితే గేదెను చూసుకోవడానికి ఆడవాళ్లు కూలి మానుకోవలసి వచ్చింది. ఆ ఏళ్లలో వ్యవసాయ కూలి రేట్లు బాగా పెరుగుతున్నాయి. ఒక చేత్తో వచ్చింది మరో చేత్తో పోయింది. అప్పులు తీర్చడానికి గేదెను అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. భూమి లేని ఇంటికి గడ్డి కూడా కొనుక్కోవలసిన సరుకే.

అదే తెలంగాణలో, మెదక్‌కు అంత దూరం కాని పాత కరీంనగర్ జిల్లా ముల్కనూరులో గేదె కథ మరోలా నడిచింది. ఆ ఊళ్లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి 1956లో మొదలుపెట్టిన సహకార గ్రామీణ బ్యాంకు అప్పు ఇవ్వడంతో ఆగకుండా, పంట కొని అమ్మిపెట్టి, విత్తనాలు, ఎరువులు సమకూర్చి దేశంలో పేరు తెచ్చుకుంది. చుట్టుపక్కల పల్లెల్లో సహకార వికాస సంస్థ తోడ్పాటుతో ఆడవాళ్లు పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. సర్కారు వాటా, సర్కారు పెత్తనం లేకుండా సహకార సంఘాలు నడుపుకోవచ్చని 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వీలు కల్పించింది. దాని ఆధారంగా 2000లో ముల్కనూరు మహిళా సహకార డెయిరీ మొదలై, స్వకృషి పేరుతో పాలు అమ్ముతోంది. ఊరి సంఘంలో పాలు పోస్తారు, వెన్న శాతం అక్కడే చూస్తారు, పదిహేను రోజులకోసారి బిల్లు వస్తుంది, ఏడాది చివర మిగులులో బోనస్ వస్తుంది. డెయిరీ యజమానులు పాలు పోసే ఆడవాళ్లే. మెదక్‌ను, ముల్కనూరును పక్కపక్కన పెట్టి ఇది శాస్త్రీయ పోలిక అనడం సరికాదు. మెదక్‌లో ఎంచుకున్నది అన్నిటికంటే పేద ఇళ్లను. ముల్కనూరు సభ్యుల్లో చాలామందికి కొంతైనా పొలం ఉంది, పొలం ఉంటే గడ్డి ఉంటుంది. అయినా గేదె రెండుచోట్లా గేదే. ముల్కనూరులో దాని వెనుక పాలు కొనే సొంత సంస్థ ఉంది, ఆ సంస్థ వెనుక పదేళ్ల పొదుపు అలవాటు ఉంది. ఈ డెయిరీ గురించి ప్రశంసలు చాలా వచ్చాయి, దాన్ని చూసి నేర్చుకున్న ప్రభుత్వ పథకాలు మాత్రం తక్కువ. పదేళ్లు ఆగి కట్టే సంస్థకు ఐదేళ్ల ప్రభుత్వంలో చోటు దొరకదు మరి.

మెదక్ ఫలితంలో ఇంకో పాఠం దాగి ఉంది. గేదె పొందని కుటుంబాలు కూడా అంతే బాగుపడ్డాయి, ఎందుకంటే కూలి పెరిగింది. పల్లె పేదకు అన్నిటికంటే పెద్ద ఆస్తి తన రెక్కలే, వాటి ధర పెరిగితే ఎవరి సిఫారసూ అక్కర్లేకుండా అందరికీ అందుతుంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్మార్ట్‌కార్డుల ద్వారా ఆ కూలి చెల్లింపులను మెరుగుపరిచినప్పుడు, ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ 157 మండలాల్లో ఫలితాన్ని కొలిచారు. పథకం సరిగ్గా అమలైన చోట పేద కుటుంబాల ఆదాయం 14 శాతం పెరిగింది. అందులో 86 శాతం పథకం పని వల్ల వచ్చింది కాదు. ఉపాధి పని నమ్మకంగా దొరుకుతోందని తెలిశాక రైతులు, ఇతర యజమానులు కూలి పెంచారు. బయట పని కూడా పెరిగింది. ఒక్క కుటుంబానికీ అప్పు ఇవ్వకుండా, ఒక్క యూనిట్ కూడా మంజూరు చేయకుండా వచ్చిన ఫలితమిది. దీన్ని మహిళా సాధికారత పద్దులో ఎవరూ రాయరు. ఉపాధి పనికి వచ్చేవాళ్లలో మన రాష్ట్రాల్లో సగానికి పైగా ఆడవాళ్లే అయినా రాయరు.

అమ్మకం వైపు మన సంఘాలకున్న సొంత అనుభవం ఐకేపీ కొనుగోలు కేంద్రాలు. ధాన్యం, మొక్కజొన్న కొనే పని గ్రామైక్య సంఘాలకు అప్పగించినప్పుడు ఆడవాళ్లకు కాంటాలు, తేమ కొలిచే యంత్రాలు ఏం తెలుస్తాయని పెదవి విరిచినవాళ్లు ఉన్నారు. ఇవాళ సీజన్‌లో తెలంగాణ రైతు నోట ఐకేపీ సెంటర్ అన్న మాట రాని రోజు ఉండదు. మద్దతు ధర ఊరి పొలిమేరలోకి వచ్చింది, దళారి చెప్పిందే ధర అన్న రోజులు చాలా ఊళ్లలో పోయాయి, సంఘాలకు క్వింటాలుకు ఇంత అని కమీషన్ వచ్చింది. అప్పు లేకుండా సంఘం సంపాదించిన డబ్బు అది. కేంద్రాల్లో లోపాలు లేవని కాదు. తరుగు పేరుతో మిల్లర్లు కోత పెట్టడం, గోనె సంచులు అందకపోవడం, లారీలు రాక ధాన్యం వానకు తడవడం ఏటా వార్తలకెక్కుతూనే ఉన్నాయి. రైతు కోపం మొదట తగిలేది కాంటా దగ్గర నిలబడ్డ మహిళకే, మిల్లరును అదుపు చేసే అధికారం ఆమెకు లేదు. కమీషన్ డబ్బు కూడా ఆలస్యంగా వస్తుంది. కొత్త రుణాల లక్ష్యం మీద పెట్టే శ్రద్ధలో కొంత ఈ బకాయిల మీద పెడితే గ్రామైక్య సంఘాలకు సొంత మూలధనం సమకూరుతుంది.

ఖర్చు తగ్గించడం కూడా ఆదాయమే. పాత ఖమ్మం జిల్లా పునుకులలో పత్తి రైతులు పురుగుమందులు మానేసి నిలదొక్కుకున్నారు. సుస్థిర వ్యవసాయ కేంద్రం వంటి సంస్థలు ఆ పద్ధతిని విస్తరించాయి, సెర్ప్ దాన్ని మహిళా సంఘాల ద్వారా వేల ఊళ్లకు తీసుకెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇవాళ ప్రకృతి వ్యవసాయంగా నడుస్తున్నది దాని కొనసాగింపే. 2024లో దానికి గుల్బెంకియన్ అంతర్జాతీయ బహుమతి దక్కింది. దిగుబడులపై వాదోపవాదాలు ఉన్నాయి, ఉండనీయండి. పురుగుమందుల దుకాణంలో ఖాతా తగ్గిన ఇంట్లో ఆ సీజన్‌కు తెచ్చే అప్పు కూడా తగ్గుతుంది.

సర్కారు అమ్మకాల్లో దిగితే నష్టమే, మార్కెట్‌కు వదిలేయాలి అని కొందరు ఆర్థికవేత్తలు అంటారు. డ్వాక్రా బజార్లను చూపిస్తారు. ఏడాదికోసారి ఎగ్జిబిషన్ పెట్టి పచ్చళ్లు, బొమ్మలు అమ్మించడం మార్కెట్ కాదన్న మాట నేనూ ఒప్పుకుంటాను. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ వంటి చోట్ల ఒక స్టేషన్ ఒక ఉత్పత్తి పేరుతో ఇచ్చే స్టాల్ కూడా గడువు తీరగానే చేతులు మారుతుంది. అందులో అమ్మినవాళ్లకు పరిచయం పెరుగుతుంది తప్ప ఏడాది పొడవునా బేరం నిలవదు. కానీ ప్రభుత్వమే పెద్ద కొనుగోలుదారు అన్న సంగతి ఈ వాదన మరిచిపోతుంది. అంగన్‌వాడీలకు గుడ్లు, హాస్టళ్లకు పప్పు, కూరగాయలు, బడి పిల్లలకు బట్టలు ఎవరో ఒకరి దగ్గర కొనక తప్పదు. తెలంగాణలో స్కూలు యూనిఫాం కుట్టే పనిని సంఘాలకు ఇచ్చి, 2024లో జతకు కూలి 75 రూపాయలకు పెంచడం ఈ దిశలో మంచి అడుగు. అది వేసవిలో కొద్ది వారాల పని. మిగతా ఏడాది ఆ కుట్టుమిషన్లకు ఆసుపత్రి దుప్పట్లో, హాస్టల్ బట్టలో అందించే ఏర్పాటు ఉంటేనే అది ఉపాధి అవుతుంది. బస్సుల విషయంలో కూడా నాకు నచ్చిన అంశం బస్సు కాదు, ఆర్టీసీ నెలనెలా అద్దె ఇస్తుందన్న ఒప్పందం. కొనేవాళ్లు ముందే ఖరారయ్యారు. అయితే ఆ బస్సు మండల సమాఖ్యది. సమాఖ్యలో వేల మంది సభ్యులుంటారు. అద్దెను వారి మధ్య పంచి చూస్తే ఒక్కొక్కరికి వచ్చేది స్వల్పం. సమాఖ్య ఆస్తి పెరగడం మంచిదే, కానీ దాన్ని సభ్యురాలి ఆదాయంగా చూపకూడదు.

ఇంత లెక్కలు చూసేవాళ్లు ఆత్మగౌరవాన్ని ఎలా కొలుస్తారు అని సంఘాలతో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు అడుగుతారు. సంఘంలో కూర్చున్న ఆమె సర్పంచి అయింది, భర్త చేయి చేసుకుంటే పదిమంది వెళ్లి నిలదీశారు, కూతురి పెళ్లి పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఆపగలిగారు. ఇవన్నీ నిజాలు, రూపాయల్లో కొలవలేని లాభాలు. వీటికి నేను మనసారా తల వంచుతాను. కాకపోతే ఈ లాభాలు వచ్చింది సంఘం నుంచి. అప్పు నుంచి అని రుజువు లేదు. హైదరాబాద్ అధ్యయనంలో అప్పు ఇంట్లో ఆడవాళ్ల మాట బలాన్ని పెంచలేదని చూశాం. ఆరు లక్షలున్న లింకేజీని పది లక్షలు, పదిహేను లక్షలు చేసుకుంటూ పోతే సమావేశం సమయమంతా కిస్తీల మీదే గడుస్తుంది. ఊరి నీళ్ల గురించి, బడి గురించి, బాల్య వివాహాల గురించి మాట్లాడుకున్న సంఘం వసూళ్ల సంఘంగా మారిపోతుంది. ఆత్మగౌరవం కోసం మాట్లాడేవాళ్లే రుణ లక్ష్యాలను ముందుగా ప్రశ్నించాలి.

కేంద్రం లఖ్‌పతి దీదీ పేరుతో ఏడాదికి లక్ష రూపాయల ఇంటి ఆదాయాన్ని లక్ష్యంగా పెట్టింది. అప్పును కాక ఆదాయాన్ని లెక్కలోకి తెచ్చినందుకు ఆ ఆలోచన మెరుగైనదే. కానీ ఆదాయం రాసేదీ, లక్ష్యం చేరామని చూపవలసిందీ ఒకే యంత్రాంగం అయితే ఆ అంకె మీద నమ్మకం నిలవదు. దీనికి మందు మన దగ్గరే ఉంది. ఉపాధి హామీ పనులపై ఊరి జనం ముందు మస్టర్లు చదివి, కూలి అందిందా లేదా అని ఇంటింటా అడిగే సామాజిక తనిఖీని దేశానికి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. దాని కోసం 2009లో ప్రత్యేక సంస్థనే పెట్టింది. లక్ష కోట్ల రుణాలకూ అదే తనిఖీ జరగాలి. ప్రతి మండలంలో కొన్ని ఊళ్లు ఎంచుకుని, సెర్ప్‌తో సంబంధం లేని బృందం ఏడాదికోసారి వెళ్లి, అప్పు దేనికి వాడారు, కిస్తీ దేన్లోంచి కట్టారు, బయట ఇంకా ఎంత బాకీ ఉంది, ఖర్చులు పోను ఎంత మిగిలింది అని సభ్యులను అడగాలి. పేర్లు బయటపెట్టకుండా ఊరి మొత్తం లెక్కను గ్రామసభలో చదవాలి. ఏ ఊళ్లో మిగులు పెరిగిందో అక్కడ ఏ కొనుగోలు ఏర్పాటు పనిచేసిందో తెలుస్తుంది, ఏ ఊళ్లో తగ్గిందో అక్కడ కొత్త లింకేజీ కంటే ముందు పాత బాకీల సంగతి చూడవచ్చు. వచ్చే బడ్జెట్‌లో రుణాల అంకె పక్కన ఈ తనిఖీకి కేటాయింపు, కొనుగోలు కేంద్రాల కమీషన్ బకాయిలకు గడువు, హాస్టళ్లూ అంగన్‌వాడీలూ సంఘాల నుంచి ఎంత కొనాలన్న వాటా, ఈ మూడూ ఉండాలని సంఘాల మహిళలు ఇప్పటి నుంచే అడగాలి.